నాయనమ్మ పెట్టెలోని చీరలు కట్టుకోదలచిన మేనకోడలికి

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మేనకోడలికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది. మీ నాయనమ్మ ట్రంకుపెట్టె విజయవాడలోని నీ ఇంటికి చేరిందనీ, అందులోని చీరలను దాచిపెట్టకుండా కట్టుకోవాలని నీకు ఉందనీ, వచ్చే నెల లండన్ ప్రయాణానికి కూడా కొన్ని తీసుకువెళ్ళదలచావనీ మీ నాన్న చెప్పాడు. నాకు చాలా సంతోషం కలిగింది. అయితే పాత బట్టను కట్టుకునే ముందు దానికి ఇంకా ఎంత బలం మిగిలి ఉందో తెలుసుకోవాలి. ఆ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను.

మా పెళ్ళినాటి వంగపండు రంగు పట్టుచీర పైకి కొత్తదానిలా మెరుస్తూ ఉండేది. ఇరవై ఏళ్ళు ఒకే మడతలో ఉంచి, ఒక పెళ్ళికి కట్టుకువెళ్ళి, భోజనాల దగ్గర పీట మీద కూర్చోబోయేసరికి మోకాలి దగ్గర మడత వెంబడి జానెడు మేర పిగిలిపోయింది. కాబట్టి ప్రతి చీరనూ పగటి వెలుతురులో పరచి, మడత పడిన చోట రెండు వేళ్ళతో అడ్డంగా మెల్లగా లాగి చూడు. పోగులు విడిపోతూ ఉంటే ఆ చీర ఒంటి మీదికి పనికిరాదు; దాని కొంగును నూలుగుడ్డ మీద కుట్టించి ఉత్తరీయంగానో, అంచును కొత్త రవిక చేతులకో వాడుకో. గట్టిగా ఉన్నవాటిని మూడు నెలలకొకసారి మడత మార్చి, ఉతికిన మల్లుగుడ్డలో చుట్టి ఉంచు. ట్రంకుపెట్టె ఇనుముది కనుక తుప్పుమరక అంటుతుంది; చీరలను అందులో నుంచి వెంటనే తీసెయ్యి.

అసలు జరీ అంటే పట్టుపోగుకు వెండితీగ చుట్టి, దాని మీద బంగారు పూత పూసినది. గాలిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. చాలామంది ఆ నలుపు వదిలించాలని చింతపండుతో రుద్దుతారు. అలా చేస్తే పలచని పూత కాస్తా పోతుంది. నలుపును ఉండనివ్వు, నాకైతే అదే అందంగా కనిపిస్తుంది. నాఫ్తలీన్ ఉండలను చీర మడతల్లో వెయ్యకు. ఎండు వేపాకును చిన్న గుడ్డమూటలో కట్టి బీరువా మూల పెడితే చాలు. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వేసుకుంటూ వచ్చేవారికి కావలసింది చీర కాదు, దాన్ని కాల్చి తీసే వెండి. మా పక్కింటావిడ రెండు చీరలు ఇచ్చి స్టీలు డబ్బాలు తీసుకుంది. ఇప్పటికీ ఆ డబ్బాలు చూసి నిట్టూరుస్తుంది.

ఇంట్లో కట్టుకోవడానికి పెట్టెలోని మంగళగిరి నూలుచీరలు చాలా అనువైనవి. గంజి తగ్గించి, కుంకుడురసంలో ముంచి, నీడపట్టున ఆరవెయ్యి. పట్టును మాత్రం మన వేసవిలో కట్టకు, చెమట దానికి శత్రువు. సెంటును చీర కట్టుకోకముందే రాసుకుని ఆరనివ్వాలి. కట్టి విప్పిన చీరను వెంటనే మడత పెట్టకుండా ఒక పూట గాలికి వేలాడదీయాలి. మీ తాతయ్య హెచ్.ఎం.టి. గడియారం కూడా నీకే వచ్చిందట. 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన గడియారాల తయారీ అది. ఏళ్ళ తరబడి ఆగి ఉన్నదానిలో నూనె గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, ముందు మెకానిక్ చేత శుభ్రం చేయించి, ఆ తరువాతే రోజూ ఉదయం ఒకే వేళకు, బిగువు తగిలేదాకా మాత్రమే కీ ఇవ్వు.

లండన్‌కు పట్టుచీర ఒక్కటే చాలు. దానిని మడత పెట్టక, పాత నూలుపంచె మీద చుట్టచుట్టి తీసుకువెళ్ళు. ప్లాస్టిక్ సంచి వద్దు, అందులో తేమ నిలుస్తుంది. కలంకారీ చీర మాత్రం తప్పక తీసుకువెళ్ళు. మన మచిలీపట్నం వైపు తీరం నుంచి వెళ్ళిన అద్దకపు బట్టల మోజు అక్కడ ఎంత ముదిరిందంటే, అక్కడి నేతగాళ్ళు గోల చేయగా 1721లో బ్రిటన్ పార్లమెంటు వాటిని ధరించడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. 1774 దాకా అది అమలులో ఉంది. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆనాటి అద్దకాలు ఉన్నాయి. నీ చీరతో వెళ్ళి చూసి రా.

నగల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మీ నాయనమ్మకు ఆమె తల్లి ఇచ్చిన కాసులపేరు నూరేళ్ళు దాటినదే కావచ్చు. నూరేళ్ళు నిండిన కళావస్తువులను దేశం దాటించడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం మామూలు వ్యక్తులకు నిషిద్ధం. దానిని లాకరులో ఉంచి వెళ్ళు. మిగతా బంగారానికి వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వారి చేత ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ వ్రాయించుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ప్రశ్నలు ఉండవు. ముత్యాలు గుచ్చిన దారం పాతదైతే తిరిగి గుచ్చించు. గొలుసు తెగి ముత్యాలు దొర్లిపోతే పరాయి ఊళ్ళో ఏరుకోవడం కష్టం.

పెట్టె అడుగున ఉన్న ఆకుపచ్చ చీర అంచుకు నల్లదారంతో ఒక చిన్న ముడి కనిపిస్తుంది. చిరుగు ఎక్కడుందో గుర్తుకోసం మీ నాయనమ్మే వేసుకున్నది. దాన్ని విప్పకుండా ఆదివారం గుంటూరు తీసుకురా, డార్నింగ్ చేసే మనిషికి ఇద్దరం కలిసి చూపిద్దాం.

ఇట్లు,
నీ మేనత్త