ఫైన్ కట్టేస్తే అయిపోయినట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా ఆయన కిందటి నెల ఫ్రెండ్ ఇంట్లో ఫంక్షన్ నుంచి వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికిపోయారు. ఎవరికీ ఏం కాలేదు, కారుకి గీత కూడా పడలేదు. కోర్టుకెళ్ళి ఫైన్ కట్టొచ్చి ఇక అయిపోయింది వదిలెయ్ అంటున్నారు. కారేమో నా పేరు మీద ఉంది, వచ్చేవారం ఇన్సూరెన్స్ రెన్యువల్. ఫారంలో ఇలాంటిది ఏమైనా అడిగితే 'లేదు' అని టిక్ పెట్టెయ్, వాళ్ళకెలా తెలుస్తుంది అంటున్నారు. పెట్టెయ్యనా?

జవాబు: వద్దమ్మా, పెట్టకు. టిక్ పెట్టినరోజు ఎవరూ ఏమీ అనరు, ప్రీమియం తీసుకుని పాలసీ చేతిలో పెడతారు, అదే అసలు చిక్కు. రేపెప్పుడో పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడే వాళ్ళు పాత ఫారం బయటికి తీసి కోర్టు రికార్డుతో పక్కపక్కన పెట్టి చూసేది, అప్పుడు అడిగినదానికి అబద్ధం చెప్పారు కాబట్టి డబ్బులివ్వం అంటారు. ఇన్నేళ్ళూ ప్రీమియం కట్టి కూడా ఇన్సూరెన్స్ లేనట్టే కదా. నిజం రాస్తే ప్రీమియం పెరగొచ్చు, నిజమే, కానీ పాలసీ నిలబడుతుంది. డ్రైవర్ల పేర్లు రాసే పాలసీ అయితే ఆయన పేరు తీయించే దారి కూడా ఉంది, కాకపోతే ఆ తర్వాత తాళాలు ఒక్కసారి కూడా ఆయన చేతికి ఇవ్వకూడదు. మరి ఇంట్లో అది జరిగే పనేనా అనేది నీకే తెలియాలి.

ఇక కారు నీ పేరు మీద ఉందన్నావు చూడు, నాకు భయం వేసింది అక్కడే. ఆయన మళ్ళీ తాగి నడిపి ఎవరినైనా గుద్దితే మన బండి రిపేరుకి సాధారణంగా ఒక్క పైసా రాదు, తాగి నడిపితే ఇవ్వమని పాలసీలోనే రాసి ఉంటుంది. దెబ్బ తిన్నవాళ్ళకి చాలా చోట్ల కంపెనీ ముందు కట్టి తర్వాత ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటుంది. ఓనర్ అంటే నువ్వే. పోయిన మనిషి వయసెంత, సంపాదనెంత, ఆయన మీద బతికేవాళ్ళు ఎంతమంది అని లెక్కగట్టే పరిహారం అది, కోర్టులో కట్టొచ్చిన ఫైన్‌తో దాన్ని పోల్చలేం.

అయిపోయింది అంటున్నారు కదా, బ్రిటన్‌లో ఈ కేసు లైసెన్స్ రికార్డులో 11 ఏళ్ళు ఉంటుంది, కాలిఫోర్నియాలో 10 ఏళ్ళు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎస్ఆర్-22 అని ఒక పత్రం ఉంటుంది, ఈ మనిషికి ఇన్సూరెన్స్ ఉంది అని కంపెనీయే ప్రభుత్వానికి పంపాలి, మామూలుగా 3 ఏళ్ళపాటు, మధ్యలో పాలసీ ఆగిందంటే ఆ కబురు కూడా వాళ్ళే చేరవేస్తారు, లైసెన్స్ మళ్ళీ సస్పెండ్. మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారికి 6 నెలలు, రెండోసారికి 2 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. ఉద్యోగాల వెరిఫికేషన్లు, వీసా ఫారాలు సరేసరి.

ఎవరికీ ఏం కాలేదు అన్నారంటే ఆ రాత్రి రోడ్డు మీద ఎవరూ అడ్డం రాలేదంతే, అందులో ఆయన గొప్పేం లేదు. ఈ ముక్క మాత్రం నా మాటగా ఆయనకి చెప్పు.

ప్రశ్న: రాత్రి తాగి పడుకుని పొద్దున్నే స్నానం చేసి స్ట్రాంగ్ కాఫీ తాగి బయల్దేరితే ఊదినా ఏం చూపించదు కదండీ?

జవాబు: చూపిస్తుంది బాబూ. మందుని విరిచేది లివర్, దానికి నీ కాఫీతో గానీ స్నానంతో గానీ పనిలేదు. సుమారుగా గంటకి 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది, మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ. రాత్రి 12 గంటలకి 150 ఉందనుకో, పొద్దున 7కి ఇంకా 45 ఉంటుంది. ఇంగ్లండ్‌లో లిమిట్ 80, యూరప్‌లో చాలా దేశాల్లో 50, మన దగ్గర 30. అంటే టై కట్టుకుని ఆఫీసుకి బయల్దేరి మరీ దొరుకుతావు. సున్నాకి రావాలంటే 10 అవుతుంది, ఆ పూటకి బస్సెక్కు.