దెయ్యం రూలు మొదటి సీన్‌లోనే తెలిసిపోవాలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. కథ బాగుంది. ఆ అద్దె ఇల్లు, అందులో పోయిన ముసలావిడ, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఆవిడ కదులుతుందన్న పాయింటు నాకు బాగా నచ్చాయి. కాకపోతే ఆ పాయింటు ముప్పై పేజీలు దాటాక మంత్రగాడొచ్చి చెబితే గానీ తెలీలేదు. మొదటి ఆరు పేజీల్లో ఏముందో నువ్వే చూసుకో. అమావాస్య, కుక్క ఏడుపు, కారు చెడిపోయి ఆగిన జంట, కిర్రుమనే గేటు, తెల్లచీర, కేక, టైటిల్. ఈ ఆరు పేజీలూ చింపి ఏ దెయ్యం సినిమా ముందు అతికించినా అతుక్కుంటాయి. అలాంటప్పుడు అవి నీ సినిమాకెందుకు?

ఓపెనింగ్‌లో భయపెట్టాలని అందరూ అంటారు. నేనైతే నేర్పాలంటాను. ఈ సినిమాలో ప్రమాదం ఎలా వస్తుందో, దేన్ని చూసి జాగ్రత్తపడాలో ప్రేక్షకుడికి మొదటి సీన్‌లోనే అర్థమైపోవాలి. ఎవరూ నోరు విప్పి చెప్పకూడదు. ఒకసారి అర్థమైందంటే మిగతా రెండు గంటలూ వాడి భయం వాడే పడతాడు, నీకు సగం పని తప్పుతుంది.

2018లో వచ్చిన 'ఎ క్వైట్ ప్లేస్' నువ్వు చూసే ఉంటావు. పాడుబడ్డ షాపులో ఒక కుటుంబం ఒట్టి కాళ్లతో తిరుగుతూ సైగలతో మాట్లాడుకుంటుంది. చిన్న పిల్లాడికి బ్యాటరీ రాకెట్ బొమ్మ కావాలి. తండ్రి బ్యాటరీలు తీసేస్తాడు, వాడు ఎవరూ చూడకుండా మళ్లీ తీసుకుంటాడు. వంతెన మీద ఆ బొమ్మ మోగుతుంది, అంతే, పిల్లాడు లేడు. చప్పుడు చేస్తే చావు అన్న మాట ఆ సీన్‌లో ఎవరూ అనరు, అయినా ఆ తర్వాత హాల్లో పాప్‌కార్న్ నమలడానికి కూడా జనం వెనకాడారు. నీ కథ దానికి తలకిందులు. నీ ఇంట్లో చప్పుడే రక్ష. ఇంత మంచి రూలు చేతిలో పెట్టుకుని కుక్కల్ని ఏడిపిస్తావేంట్రా!

1975 నాటి 'జాస్' కూడా అంతే. రాత్రిపూట సముద్రంలో ఈదుతున్న అమ్మాయిని కింద నుంచి ఏదో పట్టి లాగుతుంది. ఆ సీన్‌లో సొరచేప కనబడనే కనబడదు. అమ్మాయి నడుముకి తాళ్లు కట్టి ఇటూ అటూ లాగారు, ఖర్చంతా అదే. నీళ్లు ప్రశాంతంగా ఉంటే నమ్మకూడదని ఆడియన్స్‌కి తెలిసిపోయింది.

1996లో 'స్క్రీమ్' వేరే దారిన వెళ్లింది. పోస్టర్ మీద పేరున్న నటి డ్రూ బారీమోర్ మొహం వేసి, మొదటి సీన్‌లోనే ఆవిణ్ణి చంపేశారు. ఆ ఆయుధం మనలాంటి చిన్న సినిమాకి లేదు. కొత్త మొహాన్ని చంపితే ఎవరికీ ఏమీ అనిపించదు. కాబట్టి చావు లేకుండా ఆలోచించు.

నేనైతే ఎలా తీస్తానో చెబుతాను, నచ్చితే వాడుకో. ఎండాకాలం మధ్యాహ్నం. మధ్యగదిలో ఫ్యాను కింద పాత చీర పరుచుకుని, ఆ ఇంటావిడ ఒక్కతే ఆవకాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. పక్కింటి టీవీలో సీరియల్ గోల. కరెంటు పోతుంది. టీవీ ఠక్కున ఆగిపోతుంది. మూల ఉన్న ఫ్రిజ్ ఒక్కసారి ఒణికి ఊరుకుంటుంది. ఫ్యాను రెక్కలు మాత్రం వెంటనే ఆగవు, ఆ ఆగడాన్ని పూర్తిగా వినిపించు. అది ఆగాక ముందుగదిలో ఉయ్యాలబల్ల గొలుసు కిర్రుమంటోంది. ఫ్యాను హోరున్నంతసేపూ కదలలేదన్నమాట, ఇల్లు నిశ్శబ్దం కాగానే మొదలైంది.

ఆవిడ చెయ్యి ఆగుతుంది. ఏదో గాలి అనుకుని ముక్కలు పైకి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. నలభై ఒకటి, నలభై రెండు. గొలుసు ఆగిపోతుంది. విందామని లెక్క ఆపుతుంది. కిర్రు. మళ్లీ లెక్క. మళ్లీ నిశ్శబ్దం. ఇది రెండోసారి జరిగేసరికి హాల్లో ప్రతివాడికీ రూలు అర్థమైపోతుంది, ఆవిడకి మాత్రం కాదు. ఆ తేడాయే నీ పెట్టుబడి. ఇంతలో కరెంటొస్తుంది, సీరియల్ ఏడుపు మొదలవుతుంది, జనం ఊపిరి పీల్చుకుంటారు. ఆవిడ లేచి జాడీ, పిండి గిన్నెలు తెచ్చుకుంటుంది. ఈలోగా పక్కింట్లో టీవీ కట్టేస్తారు. ఫ్యాను గాలికి ఆవపిండి ఎగురుతోంది. కళ్లు నులుముకుంటూ ఫ్యాను స్విచ్ మీద చెయ్యి వేస్తుంది. టక్. టైటిల్.

ఉయ్యాలని చూపించకు. కెమెరామన్ చాలా అడుగుతాడు, ట్రాలీ వేసి ముందుగదిలోకి వెళదాం సార్ అంటాడు. వద్దను. ఆవిడ భుజం వెనక ముందుగది గుమ్మం కాస్త చీకటిగా, కాస్త అవుట్ ఆఫ్ ఫోకస్‌లో ఉంటే చాలు, చూసేవాళ్ల కళ్లు దాన్నే తవ్వుతాయి. 1968లో 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' మొదట్లో శ్మశానంలో అన్నాచెల్లెళ్లు పోట్లాడుకుంటుంటే, వెనక దూరంగా ఒక మనిషి మామూలుగా నడుచుకుంటూ వస్తుంటాడు. చూసినా ఎవరో సందర్శకుడు అనుకుంటాం. ఇంకా చీకటి కూడా పడలేదక్కడ. రాత్రయితేనే భయమన్న నమ్మకాన్ని వదిలేయి, లైట్ల అద్దె కూడా మిగులుతుంది.

చూసేవాడి కళ్లనే దోషి చేయాలంటే 'హాలోవీన్' ఉంది, 1978. కెమెరాయే హంతకుడి చూపు. వంటింట్లో సొరుగు తీసి కత్తి పట్టుకోవడం, ముసుగు తగిలించుకోగానే తెర మీద రెండు కళ్ల రంధ్రాలే మిగలడం, చివర్లో ముసుగు తీస్తే ఆరేళ్ల పిల్లాడు. గొప్ప సీనే, కానీ నీ కథకి పనికిరాదు, నీది చెవి కథ. నీ అసోసియేట్ డైరెక్టర్ ఇలాంటి షాటే కావాలని పట్టుపడుతున్నాడని ఫోన్లో అన్నావుగా, అందుకే రాస్తున్నాను.

సౌండ్ సంగతి కొంచెం వివరంగా. షూటింగ్‌లో డైలాగు కోసం ఫ్యాన్లన్నీ ఆపించేస్తారు. తర్వాత సౌండ్ లైబ్రరీలోంచి ఏదో ఫ్యాను చప్పుడు తెచ్చి వేస్తారు, అది ఆ గది చప్పుడులా ఉండదు. సీన్ అయ్యాక యూనిట్ మొత్తాన్ని బయటికి పంపి, జెనరేటర్ కూడా ఆపించి, ఆ ఫ్యాను తిరగడం, ఆగడం, ఆ గది ఖాళీ నిశ్శబ్దం, గొలుసు చప్పుడు విడివిడిగా రికార్డు చేయించు. మేనేజర్ గొణుగుతాడు, గొణగనీ. ఆర్.ఆర్., అంటే నేపథ్య సంగీతం, చేసే ఆయనకి ముందే చెప్పు, టైటిల్ దాకా ఒక్క నోటు కూడా వద్దని. మిక్సింగ్ థియేటర్లో గుండెల్లో మోగే లో ఫ్రీక్వెన్సీ హమ్మింగ్ ఫోను స్పీకర్లో అసలు వినబడదు. ఓటీటీలో చాలామంది చూసేది ఫోన్లోనే. గొలుసు కిర్రు అలా కాదు, ఎక్కడైనా పలుకుతుంది. ఫైనల్ మిక్స్ ఒప్పుకునే ముందు నీ ఫోన్లో, ఇయర్‌ఫోన్లు లేకుండా ఒకసారి విను.

ఎడిటింగ్ టేబుల్ మీద ఒక జబ్బు ఉంటుంది. ఏం జరగబోతోందో మనకి తెలుసు కాబట్టి నిశ్శబ్దం సాగినట్టనిపించి కోసేస్తాం. కథ తెలియనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని కట్ చెయ్యి. వాడు కదిలే దాకా కొయ్యకు. నిశ్శబ్దం తర్వాత ధన్‌మని మోత రావడం ఇప్పుడు పిల్లలక్కూడా తెలుసు. వాళ్లు ఎదురుచూసే క్షణాన్ని ఖాళీగా దాటించు, ఇరవైనాలుగు ఫ్రేములంటే ఒక సెకను, ఆ ఒక్క సెకను ఆలస్యం చాలాసార్లు మోత కన్నా బాగా పనిచేస్తుంది.

ఇంకో మాట, ఇది స్క్రిప్టు క్లాసుల్లో చెప్పరు. నీ పాత డ్రాఫ్టులో కారు దిగినవాడు సిగరెట్ వెలిగిస్తాడు. పొగాకు కనబడితే రూల్స్ ప్రకారం తెర మీద హెచ్చరిక పడాలి. నువ్వు చీకటిని కష్టపడి కట్టుకుంటే కింద తెల్లక్షరాలు మెరుస్తుంటాయి. ప్రకటనలు, బ్యానర్ లోగోలు, కృతజ్ఞతల కార్డులు అయ్యేదాకా మనవాళ్లు సీట్లు వెతుక్కుంటూనే ఉంటారు, ఆ టార్చిలైట్ల మధ్య నీ మొదటి షాట్ పోతుంది. అందుకే కృతజ్ఞతల కార్డుల కిందే సీరియల్ గోల, ఫ్యాను హోరు మొదలెట్టేయి. బొమ్మ రాకముందే ఇంట్లోకి వచ్చేసినట్టుంటుంది, కరెంటు పోయేసరికి అందరూ కూర్చునుంటారు.

ఇంటావిడ వేషానికి మొహం కన్నా చేతులు చూసి తీసుకో. ఆవకాయ ముక్క తుడవడం ఎప్పుడూ చేయని పిల్లని పెడితే మొదటి షాట్‌లోనే మన ఆడవాళ్లు పట్టేస్తారు. ముహూర్తం రోజున దేవుడి పటాల మీద క్లాప్ కొట్టుకో, ఈ సీన్ మాత్రం షెడ్యూలు మధ్యలో పెట్టు, అప్పటికి యూనిట్ కుదురుకుంటుంది. మామిడికాయలు దొరికే రోజులు చూసుకుని కాల్‌షీట్లు వేయమని మేనేజర్‌కి ఇప్పుడే చెప్పు.

కొత్త ఆరు పేజీలు రాసి పంపు. రఫ్ కట్ (తొలి ఎడిటింగ్) వచ్చాక టెంప్ మ్యూజిక్, అదే తాత్కాలికంగా అతికించే సంగీతం, ఏమీ వేయకుండా లింకు పెట్టు, మీ అత్తయ్యకి కథ చెప్పకుండా చూపిస్తాను. అక్కయ్యని, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య