డాక్యుమెంటరీ నేర్చుకోవడానికి చరిత్ర, నీతి పేపర్లు ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో డిగ్రీ పూర్తి చేసిన మా అమ్మాయి మిర్చి గోడౌన్లలో పనిచేసే మహిళల మీద ఫోనుతో చిన్న చిత్రం తీస్తోంది, డాక్యుమెంటరీ రంగంలోకే వెళ్తానంటోంది. తను చూపిన సిలబస్‌లో చరిత్ర, సిద్ధాంతం, నీతి పేపర్లే ఎక్కువ. కెమెరా, ఎడిటింగ్ నేర్పే ఆరు నెలల కోర్సు చాలదా?

జవాబు: కెమెరా, ఎడిటింగ్ ఆరు నెలల్లో చాలావరకు చేతికి వస్తాయన్న మాట నిజమే. అయితే మీరు అదనపు భారం అనుకుంటున్న పేపర్లే ఈ వృత్తికి ఆయువుపట్టు అని నా గట్టి నమ్మకం.

ఎందుకో ఒక పాత ఉదాహరణతో చెబుతాను. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన తొలినాటి ప్రసిద్ధ డాక్యుమెంటరీ ‘నానూక్ ఆఫ్ ద నార్త్’లో నానూక్‌గా కనిపించే ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీ) వేటగాడి అసలు పేరు అల్లకరియల్లక్. మంచు ఇంటి లోపల వెలుతురు చాలక, సగమే కట్టిన ఇంట్లో ఆ కుటుంబం నిద్రలేచే దృశ్యాన్ని చలిలోనే తీశారు. అప్పటికే తుపాకులు వాడుతున్నవారి చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు. 1926లో ఫ్లాహెర్టీ తరువాతి చిత్రాన్ని సమీక్షిస్తూ ‘డాక్యుమెంటరీ’ అన్న మాట వాడిన బ్రిటిష్ డాక్యుమెంటరీ దర్శకుడు జాన్ గ్రియర్సన్, వాస్తవాన్ని సృజనాత్మకంగా మలచడమే ఈ ప్రక్రియ అని అనంతరం నిర్వచించాడు. ఆ మలచడం ఎక్కడ ఆగాలన్న తగువు నేటికీ తెగలేదు. మన దేశం నుంచి ఆస్కార్ నామినేషన్ పొందిన ‘రైటింగ్ విత్ ఫైర్’ విషయంలో, అందులో కనిపించే, గ్రామీణ మహిళలు నడిపే ఖబర్ లహరియా పత్రికవారే తమ పనిని చిత్రం సమగ్రంగా చూపలేదని 2022లో బహిరంగంగా అభ్యంతరం చెప్పారు.

మీ అమ్మాయి చిత్రంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. తొడిమలు తీసే మహిళలను చిత్రీకరించడానికి మేస్త్రీ సరేనన్నంత మాత్రాన వారు ఒప్పుకున్నట్టు కాదు. రేపు పనికి పిలవాల్సిన మనిషి పక్కనే నిలబడి ఉంటే వద్దనే ధైర్యం ఎవరికి ఉంటుంది? కూలి చాలడం లేదని ఒకామె చెప్పిన ముక్క వాట్సాప్‌లో యజమానికి చేరితే ఆమె పనే పోవచ్చు. అప్పుడు ముఖం చూపాలా, గొంతు మాత్రమే వినిపించాలా, తరువాత ఆమె మనసు మార్చుకుంటే ఆ భాగం తీసేస్తామని ముందే మాట ఇవ్వాలా అన్నవి ఆలోచించాలి. ఘాటుకు దగ్గుతూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్న దృశ్యం సరిగా రాలేదని ఆమెను మళ్లీ దగ్గమంటే, ఫ్లాహెర్టీ చేసిందే మనమూ చేసినట్టు. ఇటువంటి చోట ఎలా నడుచుకోవాలో ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ నేర్పదు.

1960లో మొదలైన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ, ఢిల్లీలో జామియా మిల్లియా మాస్ కమ్యూనికేషన్ కేంద్రం డిగ్రీ అయినవారు చూడదగినవి. దగ్గరలో కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం ఉంది. ప్రవేశానికి వెళ్లేముందు తను తీసిన చిత్రాన్ని ఆ మహిళలకే వేసి చూపించి, వారు కాదన్న చోట్లు సరిదిద్దుకోమనండి. ముఖాముఖిలో చెప్పుకోవడానికి అంతకు మించిన అనుభవం ఉండదు.

సంపాదన సంగతి దాచను. కేవలం డాక్యుమెంటరీల మీదే నెలనెలా జీతం దొరకడం అరుదు. చాలామంది ఎడిటింగ్, స్వచ్ఛంద సంస్థల చిత్రాలు, టీవీ పనులు చేసుకుంటూ మధ్యలో సొంత చిత్రం తీస్తారు. మొదటి కొన్నేళ్లు ఇంటి నుంచి ఎంతవరకు ఆసరా ఇవ్వగలరో కోర్సులో చేరకముందే అమ్మాయితో కూర్చుని తేల్చుకోండి.