కొండెక్కేటప్పుడు విల్లు చేతిలో ఉండకూడదు

సందేహం: అన్నయ్యా, మాది నరసన్నపేట దగ్గర పల్లె. డెన్వర్ వచ్చి రెండేళ్లయింది. ఆఫీసు స్నేహితులతో కలిసి ఈ సెప్టెంబర్‌లో విల్లుతో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి వెళ్దామనుకుంటున్నాను. రేంజ్‌లో గురి బాగానే కుదురుతోంది. కొండల్లో మాత్రం విల్లు పట్టుకుని నడవడం నా వల్ల కావడం లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉండేలా ఎలా మోసుకెళ్లాలి? విల్లుని భుజానికి తగిలించుకునే పట్టీలు, అదే స్లింగులు, రకరకాల ధరల్లో ఉన్నాయి. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఏదీ కొనకు. ఇది చివరిదాకా చదివి, ఒక రాత్రి ఆగి, అప్పుడు ఆలోచించు.

నేనిప్పుడు శ్రీకాకుళంలో ఉన్నాను. సంక్రాంతికి వచ్చి వేసవి దాకా ఉండిపోయాను. ఇక్కడ ఏ వీధిలో చూసినా ఒకరి అబ్బాయి అమెరికాలో ఉంటాడు, ఆ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉంటాయి. ఉద్దానంలో జీడితోట అమ్మి పిల్లల్ని పంపినవాళ్లూ నాకు తెలుసు. నీ లోను సంగతి నేను అడగను. వచ్చి రెండేళ్లే కాబట్టి వాయిదాలు ఇంకా నడుస్తున్నాయనుకునే రాస్తున్నాను. వేట మానమని చెప్పడం లేదు. అది ఒంటికీ మనసుకీ మంచిదే. ఎవరూ చెప్పేవాళ్లు లేకపోయినా నేను నేర్చుకున్నాను, నువ్వూ నేర్చుకుంటావు. కాకపోతే నాకైన ఖర్చు నీకు కాకూడదు.

రూల్స్ అన్నీ మీ రాష్ట్రం వేట వ్యవహారాలు చూసే కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకో. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు (వేట శిక్షణ పాసైనట్టు ఇచ్చే కార్డు) లేకుండా నీకు మామూలు లైసెన్సు రాదు. వరసగా ఆర్నెల్లు ఆ రాష్ట్రంలో కాపురమున్నవాళ్లకి లైసెన్సు స్థానిక ధరకి వస్తుంది. బయటివాళ్లకి ఎల్క్ లైసెన్సు ధర పది రెట్ల పైమాటే, కాబట్టి అడ్రస్ కాగితాలు సరిగ్గా ఉంచుకో. వీసా మీద ఉన్నవాళ్లకి తుపాకీల విషయంలో ఫెడరల్ చట్టం ఆంక్షలు పెట్టింది, విల్లుకి ఆ చిక్కు లేదు. ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఇక్కడి కొండల్లో ఆ సరదా తలపెట్టకు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

ఇక అసలు సంగతి. అమెరికా వెళ్లిన కొత్తలో నేనూ విల్లు చేత్తో పట్టుకునే తిరిగేవాణ్ణి. నెలనెలా మిగిల్చిన డబ్బంతా పోసి కొన్న కాంపౌండ్ విల్లు, అంటే రెండు చివర్లా చక్రాలు, వాటికి కేబుళ్లు ఉన్న విల్లు అది. ఒక సాయంత్రం ఆస్పెన్ చెట్లు దాటి రాళ్లగుట్ట మీదుగా దిగుతుంటే కాలి కింద రాయి దొర్లింది. పడేటప్పుడు ఎవరైనా రెండు చేతులూ ఆనిస్తారు. నా కుడిచెయ్యి ఆనింది, ఎడమచెయ్యి విల్లుని వదల్లేదు. వదిలితే పగులుతుంది, పగిలితే మళ్లీ కొనలేను అన్న లెక్క ఆ అరక్షణంలో కూడా బుర్రలో తిరిగింది. ఒంటి బరువంతా ఒక్క మణికట్టు మీద పడింది. విల్లుకి గీత కూడా పడలేదు. మణికట్టు విరిగింది.

ఆ తర్వాత బిల్లులు మొదలయ్యాయి. ఎక్స్‌రే తీసినవాళ్లది ఒకటి, అది చూసిన డాక్టరుది ఒకటి, కట్టు కట్టినవాళ్లది ఇంకొకటి. ఒక్కొక్కటీ వేరే కవర్లో, వేరే వారంలో వచ్చేది. చాలామటుకు డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలెట్టే ముందు మనమే కట్టాల్సిన మొత్తం) కిందికే వచ్చింది. అంటే ఇన్సూరెన్స్ ఉన్నా నా జేబులోంచే. వాయిదాల మీద కట్టాను. ఆ దసరాకి ఇంటికి డబ్బు పంపలేదు. బోనస్ ఆలస్యమైందని అమ్మకి చెప్పాను.

అందుకే చేతులు ఖాళీగా ఉండాలంటే సుఖం కోసం అనుకోకు. నీ చేతులు నేల పట్టుకోవడానికి, కొమ్మ పట్టుకోవడానికి, ట్రెక్కింగ్ కర్రలు పట్టుకోవడానికి కావాలి. కొలరాడోలో లైసెన్సుతో పాటే పావు డాలరు సెర్చ్ అండ్ రెస్క్యూ నిధికి పోతుంది. వెతకడానికి వచ్చే వలంటీర్లు నీకు బిల్లు వేయరు. కానీ అంబులెన్స్‌కీ, మెడికల్ హెలికాప్టర్‌కీ ఆ నిధితో సంబంధం లేదు. ఆ బిల్లు నీ ఇంటికే వస్తుంది. నీ డిడక్టిబుల్ ఎంతో ఈ రాత్రికే తీసి చూసుకో. వేటకి కొనే ఏ వస్తువుకైనా ముందు చూడాల్సిన అంకె అదే.

నువ్వు చిన్నప్పుడు సీతంపేట సంతకి వెళ్లే ఉంటావు. సవర పెద్దలు వెదురు విల్లుని నారి ఛాతీకి అడ్డంగా వచ్చేలా భుజానికి వేసుకుని కొండ దిగేవారు. చేతుల్లో వేరే సరుకు ఉండేది. నేనూ అలాగే వేసుకుందామని చూశాను. కాంపౌండ్‌కి అది పనికిరాదు. వెదురు విల్లులో నారికీ కర్రకీ మధ్య ఉన్న జాగాలో మనిషి తల, భుజం దూరుతాయి. కాంపౌండ్‌లో నారి ఒక్కటే కాదు, పక్కనే కేబుళ్లు ఉంటాయి, జాగా ఇరుకు. పైగా నారి మీద బరువు వేలాడితే, లేదా అది బ్యాగు జిప్పుకి రాసుకుంటూ ఉంటే, దాని మీద చుట్టిన దారం లేస్తుంది. నా విల్లుకి ఒకసారి పీప్ సైట్ (గురి చూడ్డానికి నారిలో బిగించిన చిన్న రంధ్రం) కింద పైన్ కొమ్మ తగిలి సన్నటి పోగు లేచింది. కొంచెమేగా అని ఊరుకుంటే వారం తిరిగేసరికి అక్కడ అంతా విచ్చుకుంది. నారి, కేబుళ్లు మార్పించడానికి వంద డాలర్ల పైన వదిలింది.

ఇప్పుడు నువ్వడిగిన స్లింగు. రెండు చివర్లా తొడుగులుండి, విల్లు పైభాగానికీ కిందిభాగానికీ తగిలి, మధ్యలో భుజానికి పట్టీ వచ్చే రకం అన్నిటికన్నా చవక. ఆ తొడుగులు క్యామ్‌లనీ (విల్లు చివర్లలోని చక్రాలనీ), నారినీ కొమ్మల నుంచి కాపాడతాయి, అది దాని మంచి గుణం. చదునైన దారిలో బాగానే ఉంటుంది. పడిపోయిన చెట్లు దాటడానికి వంగావంటే మాత్రం పట్టీ భుజం మీంచి జారి విల్లు ముందుకి వచ్చేస్తుంది. చెయ్యి మళ్లీ దాని మీదకే పోతుంది. పైగా వెల్క్రో ఉన్నది కొనకు. ఎల్క్ దగ్గర్లో ఉన్నప్పుడు ఆ చర్రుమనే చప్పుడుతో ఆ పూట వేట అయిపోయినట్టే.

చీకట్లో బయలుదేరి రెండు మూడు గంటలు ఎక్కాల్సి వస్తే విల్లుని బ్యాక్‌ప్యాక్‌కే కట్టు. దీనికి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. కింది క్యామ్‌ని నీళ్ల సీసా జేబులో దించు. బ్యాగు పక్కనున్న పట్టీని రైజర్ (విల్లు మధ్యనుండే గట్టి భాగం) చుట్టూ, పిడి దగ్గర బిగించు. లింబ్‌ల (విల్లులో పైనా కిందా వంగే భాగాల) మీద గానీ, నారి మీద గానీ, కేబుళ్ల మీద గానీ పట్టీ పడకూడదు. రెండో పక్కన నీళ్లు పెట్టు. కావడికి రెండు వైపులా సమంగా ఉన్నట్టు ఉండాలి. లేకపోతే ఏటవాలులో అడ్డంగా నడిచేటప్పుడు బరువున్న వైపుకి ఒరిగిపోతావు. పై క్యామ్ నీ తల కన్నా ఎత్తున ఉంటుంది, కొమ్మల కింద నుంచి వెళ్లేటప్పుడు గుర్తుంచుకో. అమ్ములపొది విప్పి విడిగా, బ్రాడ్‌హెడ్‌లు (వేట బాణాల మొనలు) పూర్తిగా మూతలో ఉండేలా పెట్టుకో. అవి రేజర్ బ్లేడ్లు. నడుస్తూ నారికి బాణం ఎక్కించి ఉంచే పని ఎప్పుడూ చెయ్యకు. ఆ జాగ్రత్తకి పైసా ఖర్చు లేదు.

జంతువు దగ్గర్లో ఉందని తెలిశాక బ్యాక్‌ప్యాక్ మీంచి విల్లు తీసే టైము ఉండదు. అక్కడ నేను వాడేది నడుము సంచీ. బ్యాగు నడుము బెల్టుకి పక్కగా లోతైన సంచీ ఒకటి, అందులో కింది లింబ్ కూర్చుంటుంది. పై భాగం పడిపోకుండా భుజం పట్టీకి చిన్న కొక్కెం. కొక్కెం తప్పించి పైకి లాగితే విల్లు చేతిలో ఉంటుంది. షాపులో దొరికేవి ఖరీదెక్కువ. నాది ఇక్కడ శ్రీకాకుళంలో బండి సీటు కవర్లు కుట్టే దుకాణంలో కుట్టించాను. గట్టి కాన్వాసు, లోపల చప్పుడు కాకుండా పాత దుప్పటి ముక్క, చిరిగిన స్కూలు బ్యాగుదే బకిల్. అబ్బాయి నా ఎదురుగానే రెండేసి కుట్లు వేశాడు. అయిన ఖర్చు నువ్వు డెన్వర్‌లో ఒక పూట బయట తినేదానికన్నా తక్కువ. నీకు కావాలంటే కింది క్యామ్ దగ్గర వెడల్పు టేపుతో కొలిచి పంపు, నేను తిరిగొచ్చేటప్పుడు తెస్తాను. మీ తరం పిల్లలు ఫోన్లో నొక్కితే ఇంటికొచ్చేదే వస్తువనుకుంటారు. కొలత ఇచ్చి కుట్టించుకున్నది నీ ఒంటికి సరిపోతుంది. దాన్ని కొంచెం వెనక్కి కట్టుకో, లేకపోతే నిటారుగా ఎక్కేటప్పుడు మోకాలు లింబ్‌కి తగులుతుంది.

ఎలా మోసినా ఎప్పుడో ఒకప్పుడు పడతావు. పడ్డప్పుడు ముందు ఒళ్లు చూసుకో, తర్వాత విల్లు చూడు. నారి క్యామ్ గాడిలోనే ఉందా, సైట్ కదిలిందా చూడు. దూదిని లింబ్ మీద మెల్లగా నడిపించు. ఎక్కడైనా పోగు పట్టుకుంటే అక్కడ పగులుంది, ఆ విల్లు లాగకు. బాగుందో లేదో చూద్దామని బాణం లేకుండా లాగి వదలకు. లింబ్‌లు పగిలేది ఎక్కువగా అలాగే, దానికి వారంటీ కూడా సాధారణంగా వర్తించదు. మామూలు మొన ఉన్న బాణం ఒకటి వేరేగా ఉంచుకుని, మెత్తటి మట్టిగట్టు మీద కొట్టి గురి చూసుకో.

చివరిగా, దేవుడి దయవల్ల ఎల్క్ దొరికిందనుకో. పెద్ద జంతువు, వెనక తొడ ఒక్కటే యాభై అరవై పౌండ్లు తూగుతుంది. మాంసం వృథా చేస్తే జరిమానా పడుతుంది కాబట్టి అంతా దించాల్సిందే. నీ స్నేహితులు విల్లుని మాంసం మీదే కట్టేసి దిగుదామంటారు. నువ్వు ఒప్పుకోకు. అంత బరువుతో వెనక్కి పడితే విల్లు నీ కింద ఉంటుంది. మొదటి ట్రిప్పులో తేలికపాటి మాంసం తీసుకుని, విల్లు నడుముకి కట్టుకుని దిగు. విల్లుని కారులో పెట్టి తాళం వేసి, మిగతా ట్రిప్పులన్నిటికీ రెండు కర్రలు మాత్రమే పట్టుకెళ్లు.