రంగు కొత్తగా వేయించిన పాత పద్మిని కొనొచ్చా?

ప్రశ్నలో మీరు రాసినవి మూడు ముక్కలు: ప్రీమియర్ పద్మిని కారు అమ్మకానికి ఉంది, ఇంజిన్ స్టార్ట్ అవుతోంది, రంగు ఈమధ్యే వేయించారు. హాబీగా హైదరాబాద్‌లోనే బాగు చేసుకోవాలంటే ఎంతవుతుందని అడిగారు. ఖర్చు సంగతి తర్వాత. ఇంజిన్ స్టార్ట్ కావడం పెద్ద విశేషమేం కాదు. నాకు అనుమానం కొట్టేది ఆ రంగే. అమ్మే ముందు రంగు వేయించిన బండిలో కింద తుప్పును కప్పేసిన పుట్టీ ఉన్నట్టే అనుకోండి, కాదని తేలితే సంతోషం.

పద్మినిది ఫియట్ 1100 నుంచి వచ్చిన 1089 సీసీ ఇంజిన్. బొంబాయి టాక్సీలు దశాబ్దాలపాటు దాని మీదే నడిచాయి, కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. మంచి లేత్ షాపు ఉంటే బోరింగ్, హెడ్ ఫేసింగ్ అయిపోతాయి. కానీ ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. రేకు కుళ్లిందంటే బండి వెన్నెముకే పోయినట్టు. అంబాసిడర్‌దీ ఇదే కథ.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్టవుతుందో చూడాలి. టార్చి, పలుచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం, గట్టి స్క్రూడ్రైవర్, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి చాలు. డోర్ల కింది అంచులు, వీల్ ఆర్చీల మీద అయస్కాంతం జరపండి. పట్టు ఎక్కడ వదిలితే అక్కడ పుట్టీ. లోపల మ్యాట్లన్నీ లేపించి, డ్రైవర్ కాళ్లు పెట్టే చోట మడమతో నొక్కి చూడండి. బ్యాటరీ పెట్టే తట్ట, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు అద్దం రబ్బరు కింద మూలలు తప్పకుండా చూడాలి. తుప్పు తిన్న రేకు స్క్రూడ్రైవర్ మొనకు అప్పడంలా చిట్లుతుంది, బాగున్న రేకు టంగుమంటుంది.

అసలు పరీక్ష జాకీది. బాడీకి ఉన్న జాకీ పాయింట్ దగ్గర ఒక పక్క లేపి, ఆ పక్క ముందు డోరు తెరిచి మూయండి. దించినప్పుడు సాఫీగా పడే డోరు, లేపినప్పుడు పట్టేసినా, పైన సందు పెరిగినా బాడీ వంగుతోందని అర్థం. జాకీ పాయింటే కరకరమని లోపలికి పోతే ఇంకేం చూడక్కర్లేదు, దుప్పటి మడిచేయండి.

మన హైదరాబాద్ పొడి గాలిలో ఉన్న బండ్లు నయం. చెన్నై, ముంబై, విశాఖ సముద్రపు గాలిలో పెరిగినవి పైకి మెరుస్తున్నా కింద ఖాళీ. అందుకే పాత ఏపీ 9, ఏపీ 10 నంబర్లకు నేను నాలుగు రూపాయలు ఎక్కువే ఇమ్మంటాను. వేరే రాష్ట్రం బండికి ఎన్వోసీ తిప్పలు కూడా ఉంటాయి.

రేకు పని మొదలుపెట్టాక డెంటర్ ఉస్తాద్‌తో మొహమాట పడొద్దు. తుప్పు మీద కొత్త రేకు అతికిస్తానంటారు, ఒప్పుకోకండి. శుభ్రమైన ఇనుము కనిపించేదాకా కోసి, 20 గేజ్ సీఆర్సీ (కోల్డ్ రోల్డ్) ఇనుప రేకు పెట్టి, మిగ్ వెల్డింగ్‌తో చిన్న చిన్న ట్యాకులు (చుక్క అతుకులు) దూరదూరంగా వేయించాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచటి రేకు మెలికలు తిరుగుతుంది. డోరు కింద బాక్స్ కోసే ముందు డోరు సందులో అడ్డంగా ఇనుప పైపు ట్యాకు వేయకపోతే బాడీ కుంగుతుంది, తర్వాత ఏ డోరూ పడదు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. పెట్రోల్ ట్యాంకు, బ్యాటరీ ముందే తీసి బయట పెట్టించండి.

చాలామంది ఇక్కడి నుంచి నేరుగా రంగుకు, సీటు కవర్లకు, అల్లాయ్ వీల్స్‌కు పరిగెడతారు. ఆగని బండికి అలంకారం ఎందుకో నాకు అర్థం కాదు. తర్వాతి పని బ్రేకులదే. ఈ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, పాత మోడళ్లలో నాలుగింటికీ కలిపి ఒకే ఫ్లూయిడ్ సర్క్యూట్. ఒక్క వీల్ సిలిండర్ లీకైతే నాలుగు బ్రేకులూ పోతాయి. పెడల్ మీద కాలు పెట్టి ఒక నిమిషం అలాగే నొక్కి పట్టండి. మెల్లగా కిందికి దిగుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాలకు తోసేది) లోపలి రబ్బరు కప్పులు పోయాయి. మెత్తగా ఉండి పంపు కొడితే గట్టిపడితే లోపల గాలి. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగితే, రెండో పక్క సిలిండర్ పట్టేసిందో, లైనింగ్‌కు ఆయిల్ తగిలిందో.

వీల్ సిలిండర్ విప్పి లోపలి గోడను గోటితో గీరి చూడండి. గుంటలు తగిలితే కొత్త కప్పులు వేసినా నెలలోపే కారుతుంది. సిలిండరే మార్చాలి, లేదా స్లీవ్ వేయించాలి. రబ్బరు హోసులు పైకి బాగున్నట్టే ఉంటాయి, లోపల ఉబ్బి బ్రేకును వదలనివ్వవు. అన్నీ మార్చేయండి. కడగడానికి పెట్రోల్, కిరోసిన్ వాడొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బ్రేకు ఫ్లూయిడ్‌తోనే కడగాలి. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రం నుంచి, అంటే వెనక ఎడమ నుంచి మొదలు. పెడల్ రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య ఒక మి.మీ. సందు ఉండాలి. లేకపోతే ఫ్లూయిడ్ వెనక్కి రాక డ్రమ్ములు కాలిపోతాయి.

ఇంజిన్‌కు ముందుగా కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య పది, పదిహేను శాతానికి మించి తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెరిగిందా, రింగులు పోయినట్టు. పెరగలేదా, వాల్వులైనా హెడ్ గాస్కెట్ అయినా పోయినట్టు. హెడ్ అల్యూమినియంది. మన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే సున్నం పేరుకుని వేడెక్కుతుంది, హెడ్ వంగుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ వద్దు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.4 మి.మీ. దగ్గర పెట్టుకోండి. కార్బురేటర్ జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) ఇనుప తీగతో పొడిచే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లకండి, గాలితో ఊదాలి.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు పాత ఫ్యూయల్ పైపులు, పంపు డయాఫ్రం మెత్తబడతాయి, ట్యాంకులోని పాత తుప్పు, జిగురు కదిలి ఫిల్టర్‌ను మూసేస్తాయి. ఇథనాల్ తట్టుకునే హోసులు వేసి, ట్యాంకు విప్పి కడిగించి, పంపుకు ముందు ఫిల్టర్ పెట్టండి. గాలి, పెట్రోల్ మిశ్రమం పలుచబడుతుంది కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు. నెలల తరబడి నిలబెడితే పెట్రోల్ తీసేయడమే మేలు. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆగిపోతే పంపు మీద తడి గుడ్డ వేయండి. పాత టాక్సీవాళ్ల వైద్యం, ఇప్పటికీ పనిచేస్తుంది.

సామాన్లకు రాణిగంజ్, పుత్లీబౌలి, జాంబాగ్ తిరగండి. చేతిలో పాత పార్టు లేకుండా వెళ్లొద్దు. రబ్బరు సామాను "పాత స్టాకు, ఒరిజినల్" అంటే మురిసిపోకుండా వంచి చూడండి, గీతలు పడితే తిరిగిచ్చేయండి.

కాగితాలు: ఆర్సీలో ఛాసిస్ నంబరును, బాడీ మీద కొట్టిన నంబరుకు కాగితం పెట్టి తీసిన పెన్సిల్ ప్రింట్‌తో సరిచూడండి. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్లు దాటితే 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. 50 ఏళ్లు దాటితే 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. కానీ దాంతో రోజూ ఆఫీసుకు వెళ్లలేరు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల లాంటి వాటికే.

ఇక మీరడిగిన ఖర్చు. బండి చూడకుండా ఎవరు అంకె చెప్పినా నమ్మకండి. కొన్న ధరకు రెట్టింపు పక్కన పెట్టుకోండి, అందులో సగం రేకుకే పోతుంది. రంగు డబ్బు మాత్రం బ్రేకులు, వెల్డింగ్ అయ్యాక బండిని రెండు నెలలు నడిపి చూశాకే ఇవ్వండి. అప్పుడైనా అద్దాలు, బీడింగులు, డోరు రబ్బర్లు విప్పించే వేయించాలి. టేపు అంటించి కొడితే ఏడాది తిరక్కుండా అంచుల దగ్గర లేస్తుంది.