అడ్డం కొలత

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి మామయ్య దీవెనలు.

మీ అమ్మ ఫోన్లో "పిల్ల గయ లెక్కలు చేస్తోందిరా" అంటే పిండాల గయ అనుకుని కంగారుపడ్డాను. గాయా అనే అంతరిక్ష టెలిస్కోప్ అని, దాని కొలతలతో గ్రహశకలాల దారులు లెక్కగడతావని తర్వాత తెలిసింది. ఖగోళ పండితుడు సామంత చంద్రశేఖరుడు కర్ర, వెదురు పరికరాలతో గ్రహాల్ని కొలిచిన ఒడిశా మనది. బజారంతా చెప్పేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

గాయా 2022 జాబితాలో లక్షన్నరకు పైగా శకలాలున్నాయట. పదింటితో మొదలుపెట్టు. టైము ఏ గడియారం లెక్కన రాశారో చూసుకో, నిమిషం తప్పితే శకలం దాదాపు వెయ్యి కిలోమీటర్లు జరిగిపోతుంది. ఆ చూపు భూమ్మీది నుంచి కాదు, 15 లక్షల కిలోమీటర్ల అవతలి నుంచి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. టెలిస్కోప్ తిరిగే దిశలో కొలత వెంట్రుకవాసి, దానికి అడ్డంగా మాత్రం మొరటు అని నువ్వు పంపిన కాగితాల్లో ఉంది. చదవగానే గుండె గతుక్కుమంది.

పొలాలు కొలిచే అమీనుగా చేరిన రెండో ఏడు. మహేంద్రతనయ ఒడ్డున అన్నదమ్ముల పంపకం. పొలం ఉత్తరానికి మూలగా ఉంది. పొడవు గొలుసుతో రెండుసార్లు లాగించాను, లింకు తేడా లేదు. అప్పటికి పొద్దు వాలింది, గొలుసు పట్టే కుర్రాడు ఆకలంటున్నాడు. వెడల్పు అడుగులేసి చూసి, రెండంకెలూ ఒకే ధీమాతో పుస్తకంలో రాసేశాను. ఉత్తరం, తూర్పు లెక్కల్లోకి మార్చేసరికి అడుగుల తప్పు రెండింటికీ పాకింది. ఏది గొలుసు కొలతో, ఏది కాదో నాకే తెలియలేదు. పెద్దాయన గట్టు మీద కూర్చుని, "నా చింతచెట్టు తమ్ముడి వాటాలోకి ఎలాగెళ్లింది బాబూ?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

నీ టేబుల్లోనూ అంతే. రైట్ అసెన్షన్, డెక్లినేషన్, అంటే ఆకాశంలో తూర్పు, ఉత్తరం లెక్కలు, రెంటి తప్పులూ పెద్దవిగానే కనిపిస్తాయి. విడివిడిగా వాడావో, మంచి కొలత కాస్తా బూడిదలో పోసిన పన్నీరే. ఆ రెండు తప్పులూ ఎలా ముడిపడ్డాయో చెప్పే కోరిలేషన్ కాలమ్ పక్కనే ఉంది, వదిలెయ్యకు మొద్దూ! టెలిస్కోప్ ఎటు తిరిగిందో చెప్పే స్కాన్ కోణం ఇచ్చారు, అటు తిప్పి చూడు. ఎండ వేడికి శకలం దారి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తప్పుతుందన్నావే, అది ఆ సన్న కొలతలోనే దొరుకుతుంది.

నేను మర్నాడు వెళ్లి మళ్లీ గొలుసేశాను. నీ టెలిస్కోప్‌ని 2025 మార్చిలో ఆపేశారు.

పన్నెండు దాటాక కంప్యూటర్ కట్టెయ్ తల్లీ. అత్తయ్య జీడిపప్పు పంపుతోంది. స్టీలు డబ్బా మాత్రం తిరిగి తెచ్చెయ్, లేకపోతే నన్ను తిడుతుంది.

మీ మామయ్య