కెమెరా పట్టుకుని వెళ్లే ముందు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి మగ్గాలవాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తానని రాశావు. తియ్యి. ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకు. బ్రెజిల్ దర్శకుడు, రచయిత ఎడ్వార్డో కౌటిన్యో 1975 నుంచి చాలా ఏళ్లు టీవీలో పనిచేశాడు. తనకు అన్నిటికంటే పేరు తెచ్చిన సినిమాను ఆ కాలంలోనే మళ్లీ చేపట్టాడు. మనుషులతో ఎలా మాట్లాడించాలని అడిగావు కదా, నాకు తెలిసిందంతా ఆయన సినిమాలు చూసి నేర్చుకున్నదే.

1962లో పరాయిబా రాష్ట్రంలో జొవాన్ పెద్రో తెషేరా అనే రైతు నాయకుడిని భూస్వాములు చంపించారు. ఆ కథను కౌటిన్యో 1964లో 'కాబ్రా మార్కాడో పారా మోరేర్' అనే సినిమాగా మొదలుపెట్టాడు. నటులు పల్లె రైతులే. తెషేరా భార్య ఎలిజబెత్ తన పాత్ర తనే వేసింది. ఇంతలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. షూటింగ్ ఆగిపోయింది, సామాన్లు సైనికులు పట్టుకుపోయారు. అప్పటికే ల్యాబుకు పంపేసిన ఫిల్మ్ మాత్రం దక్కింది.

1981లో ఆయన ఆ రీళ్లతో, షూటింగ్ జరిగిన ఊరికే వెళ్లాడు. తెర కట్టి, నటించిన రైతులకే చూపించాడు. పదిహేడేళ్ల కిందటి తమ ముఖాలను వాళ్లు గుర్తుపడుతుంటే ఆ చూపులన్నీ కెమెరాలో పట్టాడు. నువ్వు కూడా ఒట్టి చేతులతో వెళ్లకు. నువ్వు వెళ్లే వీధి పాత ఫోటోలు ఎవరి దగ్గరున్నా సంపాదించి పట్టుకెళ్లు. నువ్వు అడిగే పది ప్రశ్నలకు రాని మాట ఒక ఫోటో చూస్తే వస్తుంది.

ఎలిజబెత్ అప్పటికి మరో ఊళ్లో మార్తా అనే మారుపేరుతో బతుకుతోంది. పిల్లలు చెల్లాచెదురయ్యారు. మొదట పెద్దకొడుకు పక్కనే ఉండి మాట అందిస్తుంటే ఆమె ఆచితూచి మాట్లాడుతుంది. చివర్లో యూనిట్ బండెక్కి బయల్దేరబోతుంటే, వీడ్కోలు చెప్తూ చెప్తూ గొంతు పెంచి పోరాటం ఆగదంటుంది. అసలు ఎలిజబెత్ అక్కడ కనిపిస్తుంది మనకు. అందుకే "ఇక చాలండి" అన్న వెంటనే కెమెరా కట్టెయ్యకు. ఇంకా నడుస్తోందని వాళ్లకు తెలియనివ్వు, అంతే.

ఊళ్లన్నీ తిరగాలన్న నీ ప్లాన్ నాకు నచ్చలేదు. ఒక్క వీధి చాలు. 2002లో వచ్చిన 'ఎడిఫీసియో మాస్టర్' సినిమా కోసం ఆయన రియోలోని కోపకబానాలో, 276 ఫ్లాట్లున్న ఒక్క భవనాన్ని పట్టుకున్నాడు. అందులోనే ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని యూనిట్‌ని దింపాడు. ముందుగా అసిస్టెంట్లు వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడి వచ్చేవాళ్లు. ఆయన మాత్రం కెమెరా ముందే మొదటిసారి కలిసేవాడు. ఒకసారి చెప్పేసిన కథను అదే మనిషికి మళ్లీ చెప్పాలంటే ఎవరికైనా ఉత్సాహం చచ్చిపోతుంది. నీ స్నేహితురాలిని ముందు పంపు, నువ్వు తర్వాత వెళ్లు.

'మాస్టర్'లో ఒకమ్మాయి తాను అబద్ధాలు బాగా ఆడతానని చెప్తుంది. ఆయన నిలదీయడు, తీర్పు చెప్పడు, తర్వాతి మాట కోసం చూస్తాడు. నీకు వాదించే అలవాటుంది కాబట్టి ఇది నీకు కష్టం. మజూరీ గురించో, అప్పు గురించో ఎవరైనా నీకు తప్పనిపించే మాట అంటే అక్కడ సరిదిద్దకు.

'మాస్టర్' ముందు చూడు. ఎలిజబెత్ ఉన్న పాత సినిమా ఆ తర్వాత, తీరిగ్గా. పండక్కి వచ్చినప్పుడు వీధి పేరు చెప్పు. అక్కడ నాకు తెలిసిన ఇల్లు ఉంటే పెద్దవాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్తాను.

మీ మామయ్య